రెండేళ్ల తేడా

నేపర్‌విల్‌లో తెలుగువాళ్లు పెళ్లిళ్లకూ వ్రతాలకూ పరంధామయ్య గారిని తప్పకుండా పిలుస్తారు గానీ, వేదిక మీదికి రమ్మని మాత్రం ఎవరూ అడగరు. ఆయనకూ ఆ సరదా లేదు. ముప్ఫైమూడేళ్లు ఇల్లినాయ్‌లో హైవే వంతెనలకు లెక్కలు కట్టి రిటైరయిన ఇంజనీరు. ఆయన లెక్కగట్టిన వంతెన ఒక్కటీ కుంగలేదు, బీటలు వారలేదు, పేపర్లోకి ఎక్కలేదు. సరిగ్గా నిలబడ్డ వంతెనను ఎవరు కట్టారని దాని మీద పోయే కారువాడు ఏనాడైనా అడిగాడా? అలాంటి మనిషి ఎనభై దాటాక ఒక్క లెక్క తప్పారు. తప్పింది రెండంటే రెండేళ్లు. ఆ రెండేళ్ల మధ్య ఒక పేట పేటంతా ఖాళీ అయిపోయిందని ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన దగ్గర జనానికి తెలియని విద్య ఒకటుంది. నిజాం నాటి గొలుసుకట్టు ఉర్దూ రాతను ఆయన గడగడా చదివేస్తారు. వాళ్ల నాన్న తిరుపతయ్య జనగామ తహసీలు కచేరీలో నకళ్లు రాసే గుమాస్తా. ఎవరి పొలం దస్తావేజైనా సరే, అసలు ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా దింపడం, కింద ‘నకలు అసలుకు సరి’ అని ఉర్దూలో రాసి సంతకం పెట్టడం, అదీ ఆయన కొలువు. ఆ ఒక్క వాక్యం కింద సంతకం పెట్టే ముందు తిరుపతయ్య కాగితాన్ని మూడుసార్లు చూసేవాడట. ఒకసారి ఊరి దొర గట్టు హద్దు ఒకటి మార్చి రాయమంటే రాయనని చెప్పి, కొలువు పోయి ఆర్నెల్లు పస్తులతో ఇంట్లో కూర్చున్నాడు. కొడుక్కి ఆరో ఏటి నుంచే ఆ రాత నేర్పాడు. తీరా పిల్లవాడికి చెయ్యి తిరిగేసరికి నిజాం పోయాడు, కచేరీ భాష మారిపోయింది, ఆ విద్య ఎందుకూ కొరగాకుండా పోయింది. పరంధామయ్య గారు వరంగల్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివి 1968లో అమెరికా వచ్చారు. తెనాలి పిల్ల ఉమామహేశ్వరిని పెళ్లి చేసుకున్నారు. ఆవిడ ఇక్కడి హైస్కూల్లో పాతికేళ్లు కెమిస్ట్రీ చెప్పింది. మొగుడి భాషను ఆవిడా, ఆవిడ భాషను మొగుడూ యాభై ఏళ్లుగా వెక్కిరించుకుంటూ చల్లగా ఉన్నారు.

నెజాత్‌తో పరిచయం 2019లో, పబ్లిక్ లైబ్రరీలో పెద్దవాళ్లు చదరంగం ఆడుకునే బల్ల దగ్గర. నెజాత్ టర్కీ నుంచి వచ్చిన రిటైర్డ్ మత్తుమందు డాక్టరు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆటలో ఓడిపోతే పసివాడిలా అలిగేవాడు. ఆ అలకే పరంధామయ్య గారికి నచ్చింది. మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి, మనం తెలుగులో చెప్పుకుందాం. ‘బే’ అంటే వాళ్ల భాషలో మన ‘గారు’ లాంటిది. ఈయన ఆయనకు నెజాత్ బే, ఆయన ఈయనకు పరంధామ్ బే అయిపోయారు.

ఒకరోజు నెజాత్ తన గోడు చెప్పుకున్నాడు. అక్క పోయాక సొంతూరు గిరెసున్ నుంచి ఒక రేకుపెట్టె తెచ్చుకున్నాడు. అందులో తాత కాగితాలున్నాయి. ఒక్క ముక్కా చదవలేడు. 1928లో టర్కీలో లిపి మార్చేశారు. అరబ్బీ అక్షరాలు పోయి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. దాంతో తాత రాసిన ఉత్తరం మనవడికి గీతలూ చుక్కలూ అయిపోయింది. పరంధామయ్య గారు ఆ కాగితాల్లో ఒకటి చేతిలోకి తీసుకుని కళ్లజోడు సర్దుకున్నారు. భాష ఆయనది కాదు. కానీ ఆ అక్షరాలు నాన్న దగ్గర పలక మీద దిద్దినవే.

అలా మొదలైంది మంగళవారాల కచేరీ. భోజనాల బల్ల మీద కాగితం పరిచి పరంధామయ్య గారు అర్థం తెలియకుండా శబ్దం చదివేవారు. ఎదురుగా కూర్చున్న నెజాత్ ఆ శబ్దం విని అర్థం పట్టుకుని ఇంగ్లీషులో టైపు చేసుకునేవాడు. ఒకరికి అక్షరం, ఒకరికి అర్థం. మొదటి వారం ఒక ఉత్తరం చదువుతూ సగంలో తలెత్తి చూస్తే నెజాత్ కళ్లు తుడుచుకుంటున్నాడు.

“మా నాన్నమ్మ అచ్చంగా ఇలాగే మాట్లాడేది పరంధామ్ బే. అరవై ఏళ్ల తర్వాత మీ నోట వింటున్నాను,” అన్నాడు.

పరంధామయ్య గారికి ఆ రోజు అన్నం సహించలేదు, సంతోషంతో. పనికిరాదని మూలన పడేసిన విద్య, నాన్న చేతి విద్య, ఇల్లినాయ్‌లో ఒక మనిషికి వాళ్ల నాన్నమ్మను తెచ్చి ఇచ్చింది. అప్పటి నుంచి ప్రతి కాగితానికీ ఆయన అందమైన అక్షరాలతో శుభ్రమైన ప్రతి రాసి, కింద నాన్న రాసే వాక్యమే రాసి, ఉర్దూలో సంతకం చేసేవారు. ఉమామహేశ్వరి చేగోడీలు, నెజాత్ తెచ్చే హేజల్‌నట్లు, ఇద్దరికీ టీ. “కోర్టు మొదలైందండీ, జడ్జీ గారొచ్చారు,” అని ఆవిడ నవ్వేది. ఆవకాయ కొత్త జాడీ తీస్తే మొదటి సీసా నెజాత్‌కే వెళ్లేది.

ఆ కాగితాల్లోంచి ఒక రాజ్యమే లేచి వచ్చింది. ట్రాబ్జాన్ అని ఒకప్పటి తురుష్క సామ్రాజ్యంలో నల్లసముద్రం ఒడ్డు పొడవునా పరుచుకున్న రాష్ట్రం. వెనక ఆకాశాన్ని అంటే కొండలు, ముందు సముద్రం, మధ్యలో సన్నటి పట్టీలా గిరెసున్ లాంటి ఊళ్లు. గ్రీకులు కట్టిన రేవులు, 1461లో సుల్తాను పట్టుకున్న కోట, పారసీక దేశం నుంచి సరుకు మోసుకొచ్చే ఒంటెల బారులు, తర్వాత వాటి పొట్ట కొట్టిన స్టీమర్లు. తురుష్కులు, గ్రీకులు, ఆర్మేనియన్లు, లాజ్‌లు ఒకే బజారులో బేరాలాడేవారు. పరంధామయ్య గారికి అన్నిటికన్నా ఆశ్చర్యం వేసింది మాటలు చూసి. దఫ్తరు, తారీఖు, హద్దు, వారసు, మహసూలు, అన్నీ తహసీలు కచేరీ మాటలే. “ఉమా, ఇది చూడు, మా జనగామల మాటలే అక్కడ గూడ నడిచినయి,” అని భార్యను పిలిచి చూపించేవారు.

“మీ జనగామ లేని చోటు ఎక్కడుందిలెండి,” అనేది ఆవిడ.

ఇక సంవత్సరాల సంగతి. కాగితాల మీద 1327 అనీ 1331 అనీ ఉండేవి. మొదటి రోజే పరంధామయ్య గారు ఛాతీ విరుచుకుని, “అది నాకు వదిలెయ్యండి నెజాత్ బే. హిజ్రీని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చే పట్టిక నాకు ఎక్కాల్లా వచ్చు,” అన్నారు. నిజమే, వచ్చు. నెజాత్ వాళ్ల నాన్న పుట్టుక కాగితంలో 1327 అని ఉంటే తడుముకోకుండా 1909 అని చెప్పారు. నెజాత్ చిన్నగా నవ్వి, “మా నాన్న పుట్టింది 1911 అండీ, సమాధి మీద కూడా అదే ఉంది. గుమాస్తా పొరపాటేమో,” అని 1911 టైపు చేసుకున్నాడు. పరంధామయ్య గారు ఆ గుమాస్తాను నాలుగు తిట్టి ఊరుకున్నారు. గుమాస్తా కొడుకై ఉండి గుమాస్తానే అనుమానించారు, తనను అనుమానించుకోలేదు. గర్వం మనిషి కళ్లకు అలా గంతలు కడుతుంది.

మూడో ఏడాది ఇంటి కాగితం బయటికొచ్చింది. నెజాత్ పుట్టి పెరిగిన ఇల్లు అది. సముద్రం కనిపించే మేడ, వెనక హేజల్‌నట్ తోట. ఎన్నోసార్లు చెప్పాడు ఆ ఇంటి గురించి. పరంధామయ్య గారు చదివారు: గిరెసున్, కంచరి గెవోర్గ్, హాఫిజ్ కొడుకు సాలిహ్, ఇంకా ఏవేవో. సాలిహ్ అంటే నెజాత్ తాత. చదవడం పూర్తయినా టైపు చప్పుడు వినిపించలేదు. నెజాత్ టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు.

“తారీఖు ఎంత?” అన్నాడు చివరికి.

“1331, హజీరాన్ నెల. అంటే 1913.”

“1913 అంటారా?”

“నా లెక్క తప్పదండీ.”

“సరే అయితే,” అని టైపు చేశాడు నెజాత్. కంచరి గెవోర్గ్ అనే ఆర్మేనియన్ దగ్గర తాత 1913లో రిజిస్ట్రారు ముందు ఇల్లు కొన్నాడని అర్థం చెప్పాడు. తలనొప్పిగా ఉందని ఆ రోజు చేగోడీలు ముట్టకుండానే వెళ్లిపోయాడు. ఉమామహేశ్వరి పొట్లం కట్టి కారు దాకా వెళ్లి ఇచ్చి వచ్చింది.

2023 అక్టోబరులో లైబ్రరీవాళ్లు నెజాత్ చేత ఒక ప్రసంగం ఇప్పించారు. నల్లసముద్రం ఒడ్డు రాష్ట్రం చరిత్ర, అందులో ఒక కుటుంబం కథ. అరవై మంది దాకా వచ్చారు. తెర మీద బొమ్మలు నడుస్తుంటే పరంధామయ్య గారు పక్క కుర్చీలో కోటు వేసుకుని కూర్చున్నారు. ఇంటి బొమ్మ వచ్చింది. కింద ‘గెవోర్గ్ దగ్గర కొన్నది, 1913’ అని ఉంది. వెనక వరసలో ఒకావిడ లేచింది. యాభై దాటిన మనిషి, వాకీగన్‌లో స్కూలు టీచరు, పేరు ఆనీ అని చెప్పింది.

“గెవోర్గ్ మా అమ్మమ్మ తండ్రి,” అంది. “మా అమ్మమ్మకు ఎనిమిదేళ్లప్పుడు, 1915 ఎండాకాలంలో, ఐదు రోజుల్లో ఊరు విడిచి పొమ్మన్నారట. మేము తిరిగి వస్తాం కదా, వాన లోపలికి కొట్టకూడదని వాళ్ల నాన్న పై అంతస్తు కిటికీలకు మేకులు కొట్టాడట. దారిలో మగవాళ్లను వేరు చేశారు. ఆయన మళ్లీ కనిపించలేదు. ఇల్లు అమ్మామని ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.”

నెజాత్ నీళ్లు తాగాడు. తర్వాత చెయ్యి పక్కకు చాపి, “కాగితం చదివింది ఈయన. ఈయనకు మా ఊరితో, మీవాళ్లతో, మావాళ్లతో ఏ సంబంధమూ లేదు. ఈయనే చెబుతారు,” అన్నాడు.

పరంధామయ్య గారు లేచారు. లేవకుండా ఉంటే ఎంత బాగుండేది!

“దస్తావేజు అబద్ధం చెప్పదమ్మా. 1331 అంటే 1913. అంటే మీరు చెప్పే గొడవకు రెండేళ్ల ముందే మీవాళ్లు ఇల్లు అమ్ముకున్నారు. చిన్నపిల్లల జ్ఞాపకాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.”

“మీరు కచ్చితంగా చెబుతున్నారా?”

“మా నాన్న బతుకంతా దస్తావేజుల మీదే గడిచింది,” అన్నారాయన. కొందరు చప్పట్లు కొట్టారు. ఆనీ కూర్చుండిపోయింది. వెళ్లేటప్పుడు చిరునామా రాసిచ్చి కాగితం నకలు పంపమని అడిగింది. ఆయన మర్నాడే పంపారు, కింద నాన్న వాక్యంతో సహా.

మొన్న 2025 ఏప్రిల్‌లో నెజాత్‌కు మోకాలి ఆపరేషన్ అయింది. పెట్టె అడుగున మిగిలిన నాలుగు కాగితాలూ పరంధామయ్య గారి దగ్గరే ఉండిపోయాయి. తీరిక మీద చదివి ఉంచుదామని కూర్చున్నారు. ఎదురుగా అర్థం చెప్పేవాడు లేకుండా కూర్చోవడం అదే మొదటిసారి. ఆరేళ్లు వినీ వినీ కొన్ని మాటలు ఆయనకూ పట్టుబడ్డాయి. సాలిహ్ పేరు కనిపించింది. ‘ఎవ్’ అంటే ఇల్లు. ‘పెంజెరె’ అంటే కిటికీ. ఆ తర్వాత మాట దగ్గర వేలు ఆగిపోయింది. మీమ్, యే, ఖే. మేఖ్. దానికి నెజాత్ అక్కర్లేదు, నిఘంటువు అక్కర్లేదు. మన మేకే. కిటికీలకు మేకులు.

వెనక వరసలో లేచి నిలబడ్డ మనిషి గొంతు ఆయన చెవిలో పడింది. గబగబా తారీఖు చూశారు. పైన రంజాను నెల, 1333. కింద అదే చేతిరాతలో తెమ్ముజ్ నెల, 1331. ఒకే కాగితం, ఒకే రోజు, రెండు సంవత్సరాలు.

మొదట గుమాస్తా మీదే అనుమానపడ్డారు. మరుక్షణమే నాన్న గుర్తొచ్చాడు. వాళ్ల నాన్న రాసిన ప్రతి కాగితం మీదా రెండు సంవత్సరాలుండేవి. హిజ్రీ ఒకటి, పంట లెక్క ప్రకారం నడిచే ఫస్లీ ఒకటి. సర్కారు కచేరీకి ఎక్కడైనా రెండు పంచాంగాలుంటాయని ఆయనకు చిన్నప్పుడే తెలుసు. తురుష్కులకూ అలాగే చంద్రుడి లెక్కన నడిచే హిజ్రీ కాక, సూర్యుడి లెక్క పంచాంగం ఇంకోటి ఉంది. హజీరాన్, తెమ్ముజ్ అనేవి హిజ్రీ నెలలే కావు. ముహర్రం నుంచి పన్నెండు నెలల పేర్లూ వచ్చిన మనిషి ఆరేళ్లపాటు హజీరాన్ అని నోరారా చదువుతూ హిజ్రీ పట్టిక చూసి సంవత్సరం చెప్పాడు. 1333 హిజ్రీ అంటే 1915. ఈ కాగితంలోని 1331 కూడా అదే 1915. ఇంటి కాగితం మీద ఉన్న 1331, హజీరాన్ అంటే 1915 ఎండాకాలం మొదలు. ఆనీ వాళ్ల అమ్మమ్మ చెప్పిన ఎండాకాలం.

అప్పుడు గుర్తొచ్చింది, 1327 దగ్గర నెజాత్ నవ్వు. తన తండ్రి పుట్టుకకు సరిగ్గా రెండేళ్లు దిద్దుకున్నాడు. ఇంటి దగ్గర దిద్దలేదు.

నాలుగు రోజులు పరంధామయ్య గారు లైబ్రరీలో పాత తురుష్క నిఘంటువు ముందేసుకుని ఇంటి కాగితాన్నీ కిటికీల కాగితాన్నీ మాట మాటా విప్పారు. ఉమామహేశ్వరి టిఫిన్ డబ్బా తెచ్చి పెడితే అలాగే ఉండిపోయేది. నెజాత్ చెప్పిన అర్థం చాలావరకు సరైనదే. ఒక్క ముక్క వదిలేశాడు. ‘యజమాని ఊరి నుంచి పంపించివేయబడి ఉన్నందున’ అని. అంటే గెవోర్గ్ అమ్మలేదు, ఊళ్లో లేనివాడి ఇంటిని సర్కారే సాలిహ్ పేర రాసింది. ఆ ముక్కను పరంధామయ్య గారు తన నోటితోనే పైకి చదివారు, మూడేళ్ల కింద, సొంత బల్ల దగ్గర, చేగోడీల పళ్లెం పక్కన. వినాల్సినవాడు విన్నాడు.

ఆ ఎండాకాలం గురించి అక్కడే ఉన్న పుస్తకాల్లో చదివారు. ఆ తీరంలోని ఆర్మేనియన్లను పేటలకు పేటలుగా కొండదారిన తోలుకుపోయారు. తిరిగొచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్క. నెజాత్‌కు ఇది తెలియదనుకోవడానికి వీల్లేదు. ఆ రాష్ట్రం చరిత్ర మీద ప్రసంగం చేసినవాడు కదా.

ఇంటికొచ్చి భార్యకు చెప్పారు. “నేనే చెప్పిన ఉమా. అరవైమంది ముందట నా నోటితోనే చెప్పిన. ఆ పిల్ల అమ్మమ్మను అబద్ధాలకోరును చేసి కూసున్న.”

ఉమామహేశ్వరి స్టవ్ కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. “ఆరేళ్లు నా చేత్తో చేసిపెట్టానండీ ఆ మనిషికి,” అంది. “ముందు ఆయన్నే అడగండి. మనం తప్పనుకున్నామేమో చూద్దాం.” ఆవిడకింకా ఆశ ఉంది. నిజానికి ఆయనకూ ఉంది. ఏదో ఒక మాట చెప్పి నెజాత్ ఇదంతా కాదనాలని కారులో దారిపొడుగునా కోరుకున్నారు.

నెజాత్ కాలు ఎత్తున పెట్టుకుని సోఫాలో ఉన్నాడు. ఈయన్ని చూసి మొహం వెలిగింది. పరంధామయ్య గారు రెండు కాగితాలూ అతని ఒళ్లో పెట్టి, తారీఖుల మీద వేలు పెట్టారు. వెలుగు ఆరిపోయింది. ఇంకేం అడగక్కర్లేకపోయింది.

“నేను అబద్ధం చెప్పలేదు పరంధామ్ బే,” అన్నాడు నెజాత్. “1913 అని మీరే అన్నారు. నేను కాదనలేదు, అంతే.”

“కాదనాల్సింది మీరే కదా! భాష మీది. నేను అక్షరాలు మోసుకొచ్చేవాణ్ని.”

“నేను పుట్టింది ఆ ఇంట్లో. మా అమ్మ పోయింది ఆ ఇంట్లో. ఆ మేడ మీది నుంచే నేను సముద్రం చూడటం నేర్చుకున్నాను. అందులో మమ్మల్ని దొంగల్ని చెయ్యమంటారా? మీరు 1913 అనేసరికి ఊపిరి పీల్చుకున్నాను. దేవుడే మీ చేత అనిపించాడనుకున్నాను.”

“మీరు ఊపిరి పీల్చుకోండి, నాకేం. మీ ఇల్లు, మీ తాత. కానీ ఆ రోజు ఆవిడ అడిగితే నన్నెందుకు లేపారు?”

నెజాత్ కిటికీలోంచి బయటికి చూశాడు. “నేను చెబితే నమ్మదు. మీరు చెబితే నమ్ముతుంది.”

తెలిసిందా మరి! ఆరేళ్ల మంగళవారాలు, చదరంగం, ఆవకాయ, నాన్నమ్మ గొంతు, అన్నీ ఆ ఒక్క నిమిషంలో ఖర్చైపోయాయి. నెజాత్‌కు కావలసింది ఒక నిజాయితీపరుడి మొహం. పరంధామయ్య గారి దగ్గర అది ఉంది. వాడుకున్నాడు. తిరుపతయ్య ఆర్నెల్లు పస్తులుండి కాపాడుకున్న సంతకాన్ని కొడుకు చేత చేగోడీలు తింటూ పెట్టించుకున్నాడు. పరంధామయ్య గారికి కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, అన్నిటికన్నా ముందు సిగ్గు వేసింది. ఇంత చేసిన మనిషి కాలి నొప్పితో మూలుగుతుంటే తన చెయ్యి ఇంకా సాయం చెయ్యడానికి ముందుకే పోతోంది. ఆ చేతిని వెనక్కి లాక్కున్నారు.

“రేకుపెట్టె పంపిస్తాను,” అన్నారు లేస్తూ.

“మంగళవారం రారా?”

ఆయన తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చారు. కారు దగ్గర కాచుకుని ఉన్న ఉమామహేశ్వరి ఆయన మొహం చూసింది. “తాళాలివ్వండి, నేను డ్రైవ్ చేస్తాను,” అంది.

“వాకీగన్ పోవాలె.”

“తెలుసు. ఎక్కండి.”

గంటన్నర దారి. ఆయన ఒళ్లో కొత్తగా రాసిన కాగితాలున్నాయి. మొదటి కాగితం తారీఖు దిద్ది, వదిలేసిన ముక్క రాసి, కిటికీల కాగితం నకలు జత చేసి, తన తప్పు ఎక్కడ జరిగిందో ఇంగ్లీషులో ఒక పేజీ రాసుకున్నారు. వెళ్లేముందు ఫోన్ చేయాల్సిందని సగం దారిలో తోచింది. ఫోన్‌లో చెప్పే సంగతి కాదని ఇద్దరూ అనుకున్నారు.

ఆనీ తలుపు తీసి గుర్తుపట్టింది. మొహంలో సంతోషం లేదు, కోపమూ లేదు. లోపలికి రమ్మంది. ముందుగదిలో పడకకుర్చీలో ఆవిడ తల్లి సిరాన్ ఉంది. తొంభై రెండేళ్లు. గెవోర్గ్ మనవరాలు ఆవిడే. అమెరికాలోనే పుట్టింది. కాళ్లు ఆడవు గానీ కళ్లూ చెవులూ నిక్షేపంగా ఉన్నాయి.

పరంధామయ్య గారు కూర్చోలేదు. నిలబడే చెప్పారు. ఏ పంచాంగాన్ని ఏదనుకున్నారో, రెండేళ్లు ఎక్కడ పోయాయో, కాగితంలో వదిలేసిన ముక్క ఏమిటో, కిటికీల మేకులు పీకించి చట్రాలు మార్చుకోవడానికి సాలిహ్ అదే ఎండాకాలం పెట్టుకున్న అర్జీ ఎక్కడ దొరికిందో, అన్నీ చెప్పారు. నెజాత్ పేరు చెప్పారు గానీ నెపం పూర్తిగా అతని మీద పెట్టలేదు. “లెక్క నాది. మీ అమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. నన్ను క్షమించండి,” అన్నారు సిరాన్ వైపు తిరిగి.

ఆనీ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. “అమ్మా, విన్నావా? అమ్మమ్మ చెప్పింది నిజమేనట,” అంది ఏడుస్తూ.

“నాకెందుకు చెబుతావు?” అంది సిరాన్. గొంతు నెమ్మదిగా ఉంది. “అది నిజమని నాకు ఎప్పుడూ తెలుసు.”

పరంధామయ్య గారు మళ్లీ క్షమించమన్నారు. ముసలావిడ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది.

“మీరెవరండీ, నేను క్షమించడానికి? మిమ్మల్ని ఇవాళే చూస్తున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషి ఏదో తప్పు చదివాడు, ఇంత దూరం వచ్చి దిద్దుకున్నాడు. మీ మీద నాకేం కోపం లేదు. వెళ్లి రండి.” ఆవిడ కూతురి వైపు తిరిగింది. “ఇది మా అమ్మ పక్కలో పడుకుని పెరిగింది. ఆ మాటలు నాకంటే దీనికే ఎక్కువసార్లు చెప్పింది మా అమ్మ. ఎవరో కోటు వేసుకున్నాయన ఒక కాగితం చూపిస్తే, ఆ రాత్రి ఇంటికొచ్చి, అమ్మమ్మ కల్పించి చెప్పిందేమో అమ్మా, అంది. ఏడాదిన్నర అయింది. పోయినేడు ఏప్రిల్లో, అప్పుడు చచ్చిపోయినవాళ్ల కోసం ఏటా చేసే ప్రార్థనకు, చర్చికి కూడా తీసుకెళ్లలేదు, వెళ్లి ఏం లాభం అంది.”

“అమ్మా, కాగితం ఉంది కదా అనుకున్నానమ్మా...”

“ఇప్పుడూ కాగితం వచ్చిందనే నమ్ముతున్నావు.”

ఆనీ తల్లి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పట్టుకోబోయింది. సిరాన్ ఆ చేతిని దుప్పటి కిందికి తీసుకుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఉమామహేశ్వరి తల దించుకుంది. పరంధామయ్య గారు కొత్త కాగితాలు ముందుకు చాచి అలాగే నిలబడ్డారు. అందుకోవడానికి ఎవరి చెయ్యీ రాలేదు.